కాగితంలో నీరెంత? కర్ర నుంచి పుస్తకం దాకా తేమ లెక్క

నరికిన కర్రలో దాదాపు సగం నీరే
పది శాతం తేమ తగ్గితే పదిహేడు శాతం తూకం మాయం
మిల్లు, ముద్రణాలయం, మామిడి పెట్టె.. అన్నింటా అదే కొలత

తిరువూరు: కాగితం పొడి వస్తువని అందరి నమ్మకం. వాస్తవానికి పూర్తిగా పొడిగా ఉన్న కాగితం వాడుకలో ఎక్కడా లేదు. బడిపిల్లల నోటు పుస్తకంలో, రిజిస్ట్రేషన్ దస్తావేజులో, దినపత్రికలో, మామిడికాయలు సర్దే అట్టపెట్టెలో ఎంతో కొంత నీరు ఉండి తీరుతుంది. వంద కిలోల అచ్చు కాగితంలో ఆరేడు కిలోలు నీరే. ఆ కాగితానికి మూలమైన కర్రలో నరికిన రోజున దాదాపు సగం నీరు ఉంటుంది. తోట నుంచి మిల్లుకు, మిల్లు నుంచి ముద్రణాలయానికి, అక్కడి నుంచి చిత్తు కాగితాల దుకాణానికి చేరేవరకు ప్రతి బేరంలోనూ ఈ నీరు తూకంలో కలిసే ఉంటుంది. దానిని కొలవడం తెలిసినవారికి తమ సరకు అసలు విలువ తెలుస్తుంది. తెలియనివారు కొనేటప్పుడు నీటికి సొమ్ము చెల్లిస్తారు, అమ్మేటప్పుడు ఆవిరైన నీటితోపాటు సొమ్మునూ పోగొట్టుకుంటారు.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల్లో సుబాబుల్, మెట్ట మండలాల్లో జామాయిల్ తోటలు కాగితపు గుజ్జు కోసమే పెరుగుతున్నాయి. తిరువూరు మీదుగా సాగే 30వ నంబరు జాతీయ రహదారి కొత్తగూడెం, పాల్వంచ దాటి సారపాక కాగితపు మిల్లు ముంగిటకు చేరుతుంది. పత్తి, మొక్కజొన్న, ధాన్యం అమ్మే రైతుకు తేమ శాతం కొత్త మాట కాదు. పత్తికి 8 శాతం వరకు పూర్తి మద్దతు ధర, 12 శాతం దాటితే కొనుగోలు లేదన్న నిబంధన, మొక్కజొన్నకు 14, ధాన్యానికి 17 శాతం పరిమితి అందరికీ తెలిసినవే. కర్రకు, కాగితానికి కూడా అటువంటి లెక్కే ఉందన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు.

రెండు తూకాలు.. ఒక భాగహారం

తేమ కొలతకు పునాది అత్యంత సరళం. వస్తువును ఉన్నది ఉన్నట్లుగా ఒకసారి తూచాలి. అందులోని నీరంతా పోయేలా ఎండబెట్టి మరొకసారి తూచాలి. రెండు తూకాల మధ్య తేడాయే నీరు. ఆ తేడాను మొదటి తూకంతో భాగించి వందతో గుణిస్తే తేమ శాతం వస్తుంది. కాగితాన్ని 105 డిగ్రీల సెల్సియస్ వేడిగల ఓవెన్‌లో ఉంచి, ఇక బరువు తగ్గదని తేలేవరకు ఎండబెట్టడం అంతర్జాతీయంగా అనుసరిస్తున్న పద్ధతి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 287 ఈ పద్ధతినే నిర్దేశిస్తోంది.

ఉదాహరణకు 80 జీఎస్ఎం రకం ఏ4 కాగితాలు పది తీసుకుంటే వాటి బరువు సుమారు 50 గ్రాములు ఉంటుంది. ఎండబెట్టిన తర్వాత అది 46.8 గ్రాములకు తగ్గిందనుకుంటే పోయిన నీరు 3.2 గ్రాములు. అంటే తేమ 6.4 శాతం. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఓవెన్ నుంచి తీసిన కాగితం గాలి తగిలిన క్షణం నుంచే తిరిగి తేమ పీలుస్తుంది. తూచేలోపే లెక్క తప్పుతుంది. అందువల్ల మూత బిగించిన డబ్బాలో ఉంచి, చల్లారనిచ్చి, డబ్బాతో సహా తూస్తారు.

శాతం చెప్పేటప్పుడు దేనిపై లెక్కించారన్నదీ ముఖ్యమే. కాగితం పరిశ్రమలో నీటితో కలిసిన మొత్తం బరువుపై శాతం కడతారు. కలప శాస్త్రంలో, నూలు వర్తకంలో పొడి బరువుపై కడతారు. అందువల్ల సగం నీరున్న కర్రను కాగితం మిల్లు ప్రయోగశాల 50 శాతం తేమ అంటే, కలప నిపుణుడు అదే కర్రను 100 శాతం తేమ అంటాడు. ఇద్దరూ చెప్పింది నిజమే. ఏ పద్ధతిలో లెక్కించారో తెలుసుకోకుండా రెండు అంకెలను పోల్చితే మాత్రం బేరం పక్కదారి పడుతుంది.

కర్ర ఎండితే తూకం ఎంత తగ్గుతుంది?

రైతుకు అత్యంత కీలకమైన లెక్క ఇదే. పది టన్నుల తాజా కర్రలో 50 శాతం తేమ ఉందనుకుంటే అందులో అసలు కలప 5 టన్నులు, మిగిలినది నీరు. కలప ఎక్కడికీ పోదు. నీరు మాత్రమే రోజురోజుకూ ఆవిరవుతుంది. ఆ కర్రనే వేర్వేరు దశల్లో కాటాపై పెడితే తూకం ఇలా ఉంటుంది.

* తేమ 50 శాతం ఉంటే 10 టన్నులు
* తేమ 40 శాతానికి దిగితే 8.33 టన్నులు
* తేమ 30 శాతానికి దిగితే 7.14 టన్నులు
* తేమ 20 శాతానికి దిగితే 6.25 టన్నులు

తేమ పది శాతం తగ్గితే తూకం కూడా పది శాతమే తగ్గుతుందన్న అంచనా పొరపాటు. 50 నుంచి 40 శాతానికి దిగేసరికి పది టన్నులలో 1,667 కిలోలు, అంటే దాదాపు 17 శాతం బరువు పోతుంది. టన్నుకు ధర ఎంత పలికినా, తడి తూకంపై అమ్మే రైతుకు ఆదాయం ఆ మేరకు తగ్గినట్లే. బెరడు ఒలిచిన కర్ర మరింత వేగంగా ఎండుతుంది. వేసవి ఎండలు, వడగాలులు తోడైతే తోటలోనో, యార్డులోనో, లారీ వరుసలోనో గడిచే ప్రతి రోజుకూ మూల్యం ఉంటుంది.

కొనుగోలుదారు వైపు నుంచి చూస్తే లెక్క తిరగబడుతుంది. తాజా కర్రను తడి తూకంపై కొన్న మిల్లు సగం సొమ్ము నీటికి చెల్లించినట్లవుతుంది. అయితే మిల్లుకు బాగా ఎండిన కర్ర కూడా ఇష్టం కాదు. ఎండుకర్రను ముక్కలు చేసేటప్పుడు కత్తులు త్వరగా మొద్దుబారుతాయి, పొట్టు, నలుసు ఎక్కువగా రాలి గుజ్జు దిగుబడి తగ్గుతుంది. ఎక్కువ కాలం నిల్వ ఉన్న దుంగలకు బూజు పడితే నార నాణ్యత దెబ్బతింటుంది. కర్ర తాజాగా చేరడం ఇరువర్గాలకూ మేలే.

ఈ చిక్కుకు పరిష్కారంగా అంతర్జాతీయ వర్తకంలో కర్ర ముక్కలను ఎముక పొడి టన్ను లెక్కన, అంటే నీరు పూర్తిగా తీసివేసిన బరువు లెక్కన కొంటారు. ప్రతి సరకు నుంచి నమూనా తీసి, ఎండబెట్టి, తేమ శాతం తేల్చి, ధర కడతారు. గుజ్జు వర్తకంలోనూ 90 శాతం పొడి, 10 శాతం తేమను ప్రామాణికంగా తీసుకుని మిగతా లెక్క సరిచేస్తారు. అప్పుడు సరకు రెండు రోజులు ఆలస్యమైనా ఎవరికీ నష్టం ఉండదు. తడి తూకం అమలులో ఉన్నచోట మాత్రం నరికిన రోజుకు, కాటా వేసిన రోజుకు మధ్య ఎడం ఎంత తగ్గితే రైతుకు అంత మేలు.

తెలుగు నేలపై కాగితం

గోదావరి తీరాన కాగితపు పరిశ్రమకు శతాబ్దం చరిత్ర ఉంది. రాజమహేంద్రవరంలో 1924లో కర్ణాటిక్ పేపర్ మిల్స్ పేరుతో మొదలైన కర్మాగారం తర్వాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్‌గా ప్రసిద్ధి చెందింది. 2011లో ఇంటర్నేషనల్ పేపర్ సంస్థ చేతికి, 2019లో వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్ చేతికి వెళ్లి, 2020 నుంచి ఆంధ్రా పేపర్ లిమిటెడ్‌గా కొనసాగుతోంది. ఆసిఫాబాద్ జిల్లా కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్స్ నిజాం కాలం నాటిది. 2014లో మూతబడిన ఈ మిల్లు జేకే పేపర్ యాజమాన్యంలో 2018లో తిరిగి తెరుచుకుంది. భద్రాచలం సమీపాన సారపాకలో 1979లో మొదలైన భద్రాచలం పేపర్ బోర్డ్స్ 2002లో ఐటీసీలో విలీనమైంది. భద్రాచలం క్లోన్లుగా రైతులు పిలిచే జామాయిల్ మొక్కలు ఇక్కడి పరిశోధన ఫలితమే.

నూటికి తొంభైతొమ్మిది పాళ్లు నీరు

కాగితం తయారీని నీటిని కలపడం, తిరిగి తీయడం అని క్లుప్తంగా చెప్పవచ్చు. ఉడికించి, శుభ్రపరచిన నారను యంత్రంపైకి వదిలేటప్పుడు ఆ ద్రవంలో 99 శాతానికి పైగా నీరే ఉంటుంది. నార అర శాతం చొప్పున కలిపితే కిలో కాగితం తయారీకి దాదాపు 190 కిలోల నీటిలో నార తేలియాడుతుంది. ఈ నీటిలో అధిక భాగాన్ని యంత్రంలోనే తిరిగి తిరిగి వాడతారు.

పల్చని ఈ ద్రవం కదిలే జల్లెడపై పరుచుకోగానే నీరు కిందికి కారిపోతుంది. జల్లెడ చివరకు వచ్చేసరికి సుమారు 20 శాతం నార, 80 శాతం నీరు మిగులుతాయి. తర్వాత బరువైన రోలర్ల మధ్య పిండితే నార 40 నుంచి 50 శాతానికి చేరుతుంది. ఇక పిండినా రాని నీటిని ఆవిరితో వేడెక్కిన సిలిండర్ల వరుసపై ఆరబెడతారు. ఖర్చంతా ఈ చివరి దశలోనే ఉంది. జల్లెడపై నీరు తేలికగానే పోతుంది, రోలర్ల వద్ద విద్యుత్తు సరిపోతుంది, సిలిండర్ల వద్ద మాత్రం బొగ్గో, మరో ఇంధనమో కాల్చి ఆవిరి పుట్టించాలి.

రోలర్ల వద్ద నార 45 శాతానికి చేరితే కిలో కాగితానికి సుమారు 1.11 కిలోల నీటిని ఆవిరి చేయాలి. అదే 46 శాతానికి చేరితే 1.07 కిలోలు చాలు. అంటే పిండే దశలో ఒక్క శాతం అదనంగా నీరు తీయగలిగితే ఆరబెట్టే ఆవిరిలో దాదాపు 4 శాతం ఆదా అవుతుంది. తేమను ఎక్కడికక్కడ కొలవడంపై మిల్లులు శ్రద్ధ పెట్టడానికి ఇది మొదటి కారణం.

పరుగెత్తే కాగితంపై కొలత

నిమిషానికి వందల మీటర్ల వేగంతో పరుగెత్తే కాగితాన్ని ముక్క కోసి, ఓవెన్‌లో పెట్టి, గంట తర్వాత ఫలితం చూసుకుంటే ఈలోగా వేల మీటర్ల సరకు చుట్టుకుపోతుంది. అందుకే కాగితాన్ని తాకకుండా కొలిచే సాధనాలు వచ్చాయి. నీటికి ఒక గుణం ఉంది. కంటికి కనిపించని పరారుణ కాంతిలో సుమారు 1.94 మైక్రాన్ల తరంగాన్ని అది బలంగా పీల్చుకుంటుంది. కాగితంపై ఆ కాంతిని ప్రసరింపజేసి, ఎంత మేరకు తగ్గిందో చూస్తే నీరెంతో తెలుస్తుంది. నీరు అంతగా పీల్చని మరో తరంగాన్ని కూడా పక్కనే పంపి రెండింటినీ పోల్చుతారు. దీపం మసకబారినా, అద్దంపై దుమ్ము పడినా రెండూ సమానంగా తగ్గుతాయి కనుక కొలత చెదరదు.

ఈ సాధనం ఒక చట్రంపై కాగితం వెడల్పునా అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. దాని పక్కనే క్రిప్టాన్-85 వంటి రేడియోధార్మిక పదార్థంతో పనిచేసే మరో సాధనం కాగితం మొత్తం బరువును కొలుస్తుంది. మన దేశంలో ఇటువంటి పరికరాల వినియోగం అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షణలో ఉంటుంది. మొత్తం బరువు నుంచి నీటి బరువు తీసివేస్తే అసలు నార ఎంతో తేలుతుంది. అయితే సాధనం ఒక అంచు నుంచి మరో అంచుకు వెళ్లేలోపు కాగితం చాలా దూరం సాగిపోతుంది. నిమిషానికి 600 మీటర్ల వేగంతో నడిచే యంత్రంలో అర నిమిషానికి 300 మీటర్లు దాటిపోతాయి. కాబట్టి చేతికందేది ఏటవాలు గీతపై తీసిన కొలత మాత్రమే. అందులో నిలువున వచ్చిన మార్పు ఏది, అడ్డంగా ఉన్న తేడా ఏది అని కంప్యూటరు విడదీసి చూపుతుంది.

దిద్దుబాటు కూడా రెండు విధాలుగా జరుగుతుంది. కాగితమంతా ఒకేలా తడిగా వస్తుంటే సిలిండర్లలో ఆవిరి ఒత్తిడి పెంచుతారు, మరీ పొడిగా వస్తుంటే తగ్గిస్తారు. ఒక అంచు తడిగా, మధ్యభాగం పొడిగా వస్తుంటే ఆవిరి ఒత్తిడితో పని జరగదు. తడి ఉన్నచోట మాత్రమే అదనపు ఆవిరిని వదిలే పెట్టెలను, పొడి ఉన్నచోట సన్నని నీటి తుంపరలు చల్లే గొట్టాలను వాడతారు.

ఒడిదుడుకులు తగ్గితేనే లాభం

కాగితంలో ఒక శాతం తేమ అటూ ఇటూ అయితే ఏమవుతుందన్న ప్రశ్నకు తూకమే సమాధానం. టన్ను కాగితంలో 5 శాతం తేమ ఉంటే నార, ఇతర పదార్థాలు 950 కిలోలు. 8 శాతం ఉంటే 920 కిలోలే. ముప్పై కిలోల నారకు బదులు ముప్పై కిలోల నీరు అదే ధరకు వెళ్లినట్లు. అలాగని తేమ పెంచుకుంటూ పోవడం కుదరదు. పరిమితి దాటితే రీలులో నల్లని మరకలు, ముడతలు, బూజు కనిపించి సరకు తిరిగి వస్తుంది.

తేమ 7 శాతం మించరాదని నిర్ణయించుకున్న యంత్రంలో కొలత రెండు శాతం అటూ ఇటూ ఊగుతుంటే సగటును 5 వద్దనే ఉంచాలి. ఊగిసలాటను అర శాతానికి కుదించగలిగితే సగటును 6.5 వద్ద ఉంచవచ్చు. ఆ ఒకటిన్నర శాతం తేడాతో ప్రతి వంద టన్నుల కాగితానికి ఒకటిన్నర టన్నుల ముడిసరకు, దానిని ఆరబెట్టే ఆవిరి మిగులుతాయి. కాగితమూ అన్ని చోట్లా ఒకేలా ఉంటుంది. సగటు తేమకన్నా ఒడిదుడుకులే ఎక్కువ నష్టం తెస్తాయన్నది ఈ పరిశ్రమ నేర్చుకున్న పాఠం.

గాలితో ఇచ్చిపుచ్చుకోవడం

మిల్లు దాటిన తర్వాత కాగితం తేమను వాతావరణం శాసిస్తుంది. నారలోని సెల్యులోజ్ గాలిలోని నీటిని పీల్చుకుంటుంది, గాలి పొడిబారితే వదిలేస్తుంది. మామూలు అచ్చు కాగితం గాలిలో తేమ 50 శాతం ఉన్నప్పుడు 6 నుంచి 7 శాతం నీటితో స్థిమితపడుతుంది. గాలి తేమ 30 శాతానికి పడిపోతే కాగితంలో నీరు 5 శాతం దరికి దిగుతుంది. వర్షాకాలంలో గాలి తేమ 80 శాతం చేరితే కాగితంలో నీరు 10 శాతాన్ని అందుకుంటుంది. ఎండలు మండే మే మధ్యాహ్నం, తుపాను ముసురు పట్టిన అక్టోబరు రాత్రి ఒకే గదిలో ఉన్న ఒకే కాగితం రెండు వేర్వేరు బరువులు తూగుతుంది.

కాగితానికి గత జ్ఞాపకం కూడా ఉంటుంది. ఒకసారి బాగా తడిసి ఆరుతూ వచ్చిన కాగితం, పూర్తిగా ఎండి తేమ పీల్చుకుంటూ వచ్చిన కాగితం ఒకే గాలిలో ఉన్నా మొదటిదానిలో సుమారు ఒక శాతం నీరు ఎక్కువగా మిగులుతుంది. అందుకే పరీక్షకు ముందు నమూనాలన్నింటినీ ఒకే విధమైన గాలిలో ఉంచుతారు. ప్రపంచవ్యాప్తంగా 23 డిగ్రీల వేడి, 50 శాతం గాలి తేమను ప్రామాణికంగా తీసుకుంటారు. ఉష్ణదేశాలకు 27 డిగ్రీలు, 65 శాతం కూడా అనుమతిస్తారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 1060 ఈ రెండో పద్ధతినే అనుసరించింది. ఏ గాలిలో కొలిచారో చెప్పని బరువుకు అర్థం లేదు.

ముద్రణాలయాల్లో తిప్పలు

పుస్తక ప్రచురణకు పేరొందిన విజయవాడలో కాగితం తేమతో నిత్యం తలపడేవారు ముద్రాపకులు. నీరు పీల్చుకున్నప్పుడు నారపోగు పొడవునా దాదాపు పెరగదు, అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది. యంత్రంపై తయారయ్యేటప్పుడు పోగులు ఎక్కువగా యంత్రం సాగే దిశలోనే పరుచుకుంటాయి కాబట్టి షీటు కూడా ఆ దిశకు అడ్డంగానే ఎక్కువగా సాగుతుంది. ఒక మీటరు షీటు వెయ్యోవంతు సాగినా ఒక మిల్లీమీటరు తేడా వస్తుంది. నాలుగు రంగుల క్యాలెండర్‌లో ఒక రంగుపై మరో రంగు ఆ మేరకు పక్కకు పడితే బొమ్మ ముఖమే మారిపోతుంది. ఆఫ్‌సెట్ ముద్రణలో సిరాతోపాటు నీరు కూడా వాడతారు కనుక ప్రతి రంగు వద్దా కాగితం మరికొంత తడుస్తుంది.

కట్ట విప్పగానే కాగితం అంచులు సమస్యను చెప్పేస్తాయి. అంచులు అలల్లా లేచి ఉంటే అవి చుట్టూ ఉన్న గాలి నుంచి తేమ పీల్చుకున్నట్లు. అంచులు బిగుసుకుని మధ్యభాగం ఉబ్బి ఉంటే అంచులు ఎండిపోయినట్లు. వేడెక్కిన గోదాము నుంచి తెచ్చిన కట్టను ఏసీ గదిలో వెంటనే విప్పితే రెండో రకం ఇబ్బంది వస్తుంది. చల్లని కట్టను ఉక్కపోత గదిలో విప్పితే మొదటి రకం ఇబ్బంది వస్తుంది. పైకవరు తీయకుండా ఒకటి రెండు రోజులు ముద్రణ గదిలోనే ఉంచి, గది వేడికి అలవాటు పడిన తర్వాత విప్పడం మందు. గదిలో గాలి తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలిపితే చాలా చిక్కులు తొలగుతాయి. గాలి బాగా పొడిబారితే షీట్లు స్థిర విద్యుత్తుతో ఒకదానికొకటి అతుక్కుని రెండేసి చొప్పున యంత్రంలోకి వెళ్తాయి.

పుస్తకం కుట్టే చోటా ఇదే సూత్రం వర్తిస్తుంది. నార దిశ పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉంటే పేజీలు చక్కగా తెరుచుకుంటాయి. అడ్డంగా ఉంటే వర్షాకాలంలో వెన్ను వద్ద ముడతలు పడతాయి. నార దిశ తెలుసుకోవడానికి చిన్న ముక్కను ఒకవైపు తడిపితే చాలు. అది గొట్టంలా చుట్టుకుంటుంది. గొట్టం పొడవు ఏ వైపు ఉంటే నార దిశ అదే.

జిరాక్స్ కేంద్రాల్లో కాగితం పదేపదే ఇరుక్కోవడానికి కూడా తరచుగా తేమే కారణం. యంత్రంలోని వేడి రోలరు తగలగానే తడి కాగితం ఒకవైపు ఎండి వంకర తిరుగుతుంది. విప్పిన రీమును కవరులోనే ఉంచి, అవసరమైనన్ని కాగితాలు మాత్రమే ట్రేలో పెట్టడం మేలు.

మామిడి పెట్టెకు సగం బలమే

తిరువూరు, విస్సన్నపేట, నూజివీడు ప్రాంతాల నుంచి మామిడి అట్టపెట్టెల్లో దూరప్రాంతాలకు వెళ్తుంది. ఆరిన అట్టపెట్టె మోయగల బరువు గాలి తేమ 90 శాతం ఉన్నచోట సుమారు సగానికి పడిపోతుంది. కాయలు కూడా శ్వాసిస్తూ నీటి ఆవిరి వదులుతాయి. శీతల గిడ్డంగిలో, మాగబెట్టే గదిలో తేమ కావాలనే ఎక్కువగా ఉంచుతారు. పొడి గోదాములో పది వరుసలు నిలిచిన పెట్టెలు అక్కడ అడుగున కుంగి కాయలు నలగడానికి కారణం ఇదే. తేమ ఎక్కువగా ఉండేచోట వరుసలు తగ్గించడం, నాలుగు మూలలూ ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చునేలా పేర్చడం, గాలి రంధ్రాలు మూయకపోవడం అవసరం.

చిత్తు కాగితాల వర్తకంలోనూ నీరు తూకంలో చేరుతుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 643 ప్రకారం పాత కాగితంలో 10 శాతానికి మించిన తేమ ఉంటే ఆ అదనపు బరువును సరకుగా లెక్కించనవసరం లేదు. వానలో తడిసిన కట్టలు తూకంలో మొగ్గు చూపినా మిల్లు వద్ద కోత తప్పదు.

దస్తావేజులకు పొంచి ఉన్న ముప్పు

గాలి తేమ 65 నుంచి 70 శాతం దాటి చాలా రోజులు నిలిస్తే కాగితంపై బూజు మొలుస్తుంది. పాత రిజిస్టర్లు, పట్టాదారు పుస్తకాలు, పిల్లల ధ్రువపత్రాలు గోడకు ఆనించిన బీరువాలో ఉంటే గోడ చెమ్మ వాటికి చేరుతుంది. పుస్తకాల మధ్య పెట్టే వేపాకు, కర్పూరం పురుగులను దూరంగా ఉంచవచ్చు గానీ తేమను తగ్గించవు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద విజయవాడలోని అనేక కాలనీలను ముంచెత్తినప్పుడు ఇళ్లలోని పుస్తకాలు, పత్రాలు నీట నానాయి. అటువంటి వేళ అతుక్కున్న పేజీలను బలవంతంగా విడదీయరాదు. ఎర్రటి ఎండలో పెడితే కాగితం వంకర తిరిగి పెళుసుబారుతుంది. నీడలో, ఫ్యాను గాలికి, నీరు పీల్చే కాగితాల మధ్య ఉంచి, వాటిని తరచుగా మారుస్తూ ఆరబెట్టాలి. రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది.

ఏ పరికరం దేనికి?

మార్కెట్లో లభించే చేతి మీటర్లలో ఎక్కువ భాగం విద్యుత్తు ఆధారంగా పనిచేసేవే. రెండు సూదులు గుచ్చి వాటి మధ్య విద్యుత్ నిరోధం కొలిచేవి కొన్ని, ఉపరితలంపై ఆనించి కొలిచేవి మరికొన్ని. నీరు పెరిగితే విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది కనుక అంకె మారుతుంది. అయితే కాగితంలోని లవణాలు, పటిక, సున్నపు పొడి వంటివి కూడా అంకెను మారుస్తాయి. ధాన్యానికి సరిచేసిన మీటరు కర్రకు పనికిరాదు, కర్రకు సరిచేసినది కాగితానికి పనికిరాదు. ముద్రణాలయాల్లో కత్తిలాంటి పలకను కట్టలోకి దూర్చి పొరల మధ్య గాలి తేమను చూసే పరికరం కూడా వాడతారు. ఏ పరికరమైనా అప్పుడప్పుడు ఓవెన్ ఫలితంతో సరిచూడాలి. వివాదం తలెత్తినప్పుడు అంతిమ తీర్పు ఓవెన్‌దే.

గుర్తుంచుకోవలసినవి

* కర్ర నరకడానికి ముందే లారీ, కాటా, దిగుమతి తేదీలు ఖరారు చేసుకోవాలి. ముందుగా నరికి కొనుగోలుదారు కోసం వేచి ఉంటే తూకం తగ్గుతుంది.
* నరికిన రోజునే నాలుగైదు కర్రలకు గుర్తుపెట్టి తూచి, కాటా వేసే రోజున అవే కర్రలను మరోసారి తూస్తే దారిలో పోయిన నీరెంతో స్పష్టంగా తెలుస్తుంది.
* వేబ్రిడ్జికి తూనికలు, కొలతల శాఖ ఏటా వేసే ముద్ర ఉందో లేదో చూడాలి. నిండు లారీ, ఖాళీ లారీ తూకం చీట్లు రెండూ తీసుకోవాలి.
* తేమ శాతం చెప్పి ధర తగ్గిస్తే తడి బరువుపై కట్టారో, పొడి బరువుపై కట్టారో, ఏ పరికరంతో కొలిచారో అడగాలి.
* కాగితం కట్టలను నేలకు ఆనించకుండా చెక్క దిమ్మెలపై, గోడకు జానెడు ఎడంగా పేర్చాలి.
* రీము పైకవరు వాడే రోజు వరకు విప్పరాదు. మిగిలినది తిరిగి గట్టిగా చుట్టాలి.
* దస్తావేజులున్న బీరువాలో సిలికా జెల్ పొట్లాలు ఉంచి, నీరు పీల్చుకున్న వెంటనే మార్చాలి.

పత్తికి తేమ కొలిచే మీటరు మార్కెట్ యార్డులో అమ్మేవారి కళ్లముందే పెడతారు. కర్రకు ఆ సౌకర్యం అరుదు. మీటరు లేకున్నా కాటా అందరికీ అందుబాటులోనే ఉంది. రెండుసార్లు తూచి, చీటీ భద్రపరచుకున్న రైతు వద్ద తన కర్రలో ఎంత నీరు పోయిందో చెప్పే ఆధారం ఉంటుంది.